దండ వేసే ఫొటోలో చెయ్యి

ఈ రోజు శాలిబండలోని మా ఫొటో ఫ్రేముల దుకాణానికి ఉప్పుగూడ నుంచి ఒకావిడ వచ్చింది. పోయిన వారం తమ్ముడితో కలిసి కొండల్లో అడవి పార్కుకు వెళ్లిందట. ఫోన్‌లో ఫొటో చూపించింది. వెనక జలపాతం, ముందు తడి చొక్కాతో నవ్వుతున్న తమ్ముడు, పక్కన తను. ఆ జలపాతంలోనే అతను పోయాడు.

"రేపు దినాలున్నయన్నా. గా నీళ్లు కనబడొద్దు, తీసెయ్" అంది.

దండ వేసే ఫొటోకు మా దగ్గర ఒకటే పద్ధతి. వెనక నీలి రంగు, ఒంటి మీద కోటు, మనిషి ఒక్కడే. నీళ్లు తీసేశాను. ఆమెను కూడా తీసేశాక, అతని భుజం మీద ఆకుపచ్చ గాజుల చెయ్యి ఒకటి మిగిలింది.

"ఇది గూడ తీసేస్తనక్కా" అన్నాను.

"వద్దన్నా. ఫొటో దిగంగనే గా చెయ్యి నేనే తీసిన. గప్పుడే వాడు జారిండు. నువ్వు తియ్యకు."

కోటు తొడిగితే ఆ చెయ్యి దాగిపోతుంది. అందుకే తడి చొక్కాతోనే ఫ్రేము కట్టి ఇచ్చాను. పోయినవాళ్ల మీద బతికున్నవాళ్ల చెయ్యి ఉంచకూడదని మా నాన్న నేర్పాడు. ఈ రోజు ఆయన మాట దాటాను. మీరైతే తీసేవారా?