ప్రభువు బల్ల దగ్గర దెబ్బలు

మా ఆయన చేతుల్ని నేను నమ్మను. తెనాలి డీఅడిక్షన్ సెంటర్లో తాగుడు మాన్పించి పంపారు గానీ, ఆ చేతుల జోలికి ఎవరూ పోలేదు. నిజాంపట్నం హార్బరులో ఐసు దిమ్మలు మోసిన చేతులవి. రేపల్లెలో మా ఇంటికి తిరిగొచ్చిన వారంలోనే తలుపు విరిగింది. గోడను గుద్ది వేళ్ళు చీరుకున్నాడు. అన్నం పళ్ళెం నా చెవి పక్కగా వెళ్ళి కిటికీకి తగిలింది. మందు లేకపోతే ఒళ్ళంతా రగులుతుందట. రగలనీ, నాకేంటి? "ఇంకొక్కసారి ఎవరి మీద చెయ్యి లేచినా పిట్టలవానిపాలెం పోతా, మా అమ్మ దగ్గరికి. మళ్ళీ రాను," అన్నాను. ఈసారి ఉత్తుత్తి బెదిరింపు కాదని ఆయనకీ తెలుసు.

అయ్యగారు, అంటే మా లూథరన్ చర్చి పాస్టరుగారు, ఒక ఉపాయం చెప్పారు. "ఆ కోపమేదో డ్రమ్ము మీద చూపించు నాయనా. దేవుడి పాటకే కదా." ఆదివారాలు మా ఆయన కొట్టుడికి ముసలమ్మలు చెవులు మూసుకునేవాళ్ళు. పాట ఒక దారి, డ్రమ్ము ఒక దారి. నాకు మాత్రం హాయిగా ఉండేది. దాని మీద పడిన ప్రతి దెబ్బా నా వీపు తప్పించుకున్నదే. ఆదివారాలు చాలక ఉపవాస ప్రార్థనలకీ వెళ్ళి వాయించేవాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. ఇంట్లో పళ్ళేలు నిలిచాయి.

మా చర్చిలో ప్రభు సంస్కారానికి, అంటే ప్రభువు రక్తమని అందరూ గుక్కెడు పుచ్చుకునే ఆ బల్లకి, వైన్ వాడరు. తాగుడు మానినవాళ్ళు ఉన్నారని, అయ్యగారి భార్యే నల్ల ద్రాక్ష మరిగించి, పంచదార వేసి వడకట్టి ఇస్తారు. అందరికీ ఒకటే గిన్నె. ఎప్పుడూ శనివారం సాయంత్రం కాస్తారు. గొడవ జరిగిన వారం మాత్రం పుట్టింట్లో పెళ్ళి ఉందని బుధవారమే కాచి, స్టీలు క్యానులో పోసి, మూత బిగించి ఊరెళ్ళిపోయారు. మండు వేసవి. ఆ మూత మళ్ళీ తీసింది ఆదివారం ఆరాధన వేళకే.

మానాక మా ఆయనకు అది మొదటి సంస్కారం. నా పక్కనే మోకరించాడు. మొదటి గుక్క ఆయనకే. అయ్యగారు గిన్నె పెదాల దగ్గరికి తేగానే ముఖం పాలిపోయింది. ఒక్క తోపు తోశాడు. అయ్యగారి తెల్లంగీ నిండా ఎర్రగా ఒలికింది.

"ప్రభువు రక్తం ఒలకబోస్తావురా!" అని సంఘపెద్ద చెంప పగలగొట్టాడు. ఇంకో ఇద్దరు చొక్కా పట్టి ఈడ్చారు. ఒకడు డొక్కలో తన్నాడు. పెదవి చిట్లి, నెత్తురు గడ్డం మీదుగా కారింది. నిజం చెప్తాను, మొదటి దెబ్బలకి నా కడుపు చల్లబడింది. ఇన్నేళ్ళూ నేను తిన్నవాటి ముందు అవి ఏ మూలకి? తర్వాత ఆయన చేతులు చూశాను. పిడికిళ్ళు బిగుసుకున్నాయి. అవి లేస్తే సంఘపెద్దకి ముక్కు ఉండదు, నాకు కాపురం ఉండదు. ఆయన వాటిని చంకల్లో దోపుకుని నేల మీద ముడుచుకుపోయాడు.

కింద పడిన గిన్నె తీశాను. అడుగున కాస్త మిగిలింది. పుల్లగా, ఘాటుగా, ఇన్నేళ్ళూ నా పక్కన పడుకున్న కంపే. సంఘపెద్ద చొక్కా పట్టి లాగి, గిన్నె ముక్కుకి ఆనించాను.

"వాసన చూడు బాబాయ్! ఇదేంటి? రసం పులిసిపోయింది. మానినోడికి మీరే మందు పోస్తారా?"

సంఘపెద్ద వాసన తగలగానే తల వెనక్కి లాక్కున్నాడు. అయ్యగారు కూడా వాసన చూసి, అక్కడే మెట్టు మీద కూలబడ్డారు. "పొరపాటైపోయిందమ్మా," అన్నారు.

బయట బోరింగు దగ్గర మా ఆయన మొహం కడిగాను. "ఆ ముగ్గురూ నీ ఒక్క చేతికి చాలరు. ఎందుకు ఊరుకున్నావ్?" అన్నాను. నేను వెళ్ళిపోతానన్న భయం అంటాడనుకున్నాను.

"ఒక్కటి కొడితే ఇక ఆగలేనే," అన్నాడు. "సాయంత్రానికి నీదాకా వచ్చిద్ది."

నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. కొంగు తడిపి పెదవి తుడిచాను. "అబ్బా, మెల్లగా," అన్నాడు. మెల్లగా తుడవలేదు.