ఆచారి నెత్తురు, రెండు మిషన్లు

రెబెకా చూపు పడితే గాజుపలక మీది కణం కూడా సర్దుకుని కూర్చుంటుందని నంద్యాల ల్యాబులో చెప్పుకుంటారు. ఆమె అక్కడ పదకొండేళ్లుగా టెక్నీషియన్. ఆళ్లగడ్డ శిల్పుల ఊపిరితిత్తులను రాతిదుమ్ము ఏం చేస్తోందో వాళ్ల నెత్తురులో వెతకడం ఆ ల్యాబు పని. దానికి ఫ్లో సైటోమీటర్ కావాలి. కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నడిపించి లెక్కపెట్టే మిషన్ అది. లెక్క తప్పితే జబ్బున్న మనిషిని బాగున్నావు పొమ్మని పంపేసినట్టే.

పరీక్షకు రెండు వచ్చాయి. ఒకటి బీరువా అంత, ఒకటి కుట్టుమిషన్ అంత. వద్దన్నదాన్ని తీసుకెళ్లడానికి సాయంత్రం నాలుగింటికి వ్యాను వస్తుంది. ఈలోగా ఏది ఉంచుకోవాలో రెబెకా సంతకం పెట్టాలి. పొద్దున కణాలకు బదులుగా కంపెనీలు ఇచ్చిన సన్నటి ప్లాస్టిక్ పూసలతో చూస్తే రెండూ ఒకే లెక్క చెప్పాయి. డైరెక్టర్ ప్రశాంత్ మనసు పెద్దదాని మీద ఉంది. శిల్పి నెత్తురు చూడనిదే సంతకం పెట్టనని రెబెకా ఆళ్లగడ్డ బస్సెక్కింది.

అక్కడ శిల్పి నాగభూషణాచారి సూదికి చెయ్యి చాపలేదు. ఆ రోజు అమ్మవారి విగ్రహానికి కళ్లు చెక్కుతున్నాడు.

"కండ్లు తెరిచేదాకా నా ఒంట్లోంచి చుక్క రాలకూడదు పాపా. కూచో."

ఎడమ కన్ను ఎంతకూ తెరుచుకోలేదు. తాను గడియారం చూసినప్పుడల్లా ఉలి నెమ్మదించిందని రెబెకా తర్వాత ఒట్టేసి చెప్పింది. పన్నెండున్నరకు ఆ కన్ను తెరుచుకున్నాక సూది గుచ్చింది. శిరివెళ్ల దగ్గర ట్రాక్టర్ల వెనక బస్సు పాకుతుంటే ట్యూబును కోడిగుడ్డులా పట్టుకుని కూర్చుంది.

ల్యాబులో నెత్తురుకి కణాలను గుర్తుపట్టే రంగులు కలిపేసరికి మూడు దాటింది. అప్పుడే కరెంటు పోయింది. జనరేటర్ మిషన్లను నడిపింది గాని ఏసీని మోయలేకపోయింది. గది కొలిమిలా అయింది.

అదే నెత్తురును ఒక్కో మిషన్‌లో మూడుసార్లు నడిపింది. వెతుకుతున్న కణాలు నూటికి నలభై ఒకటి, నలభై ఒకటి, నలభై రెండని చిన్నది చెప్పింది. పెద్దది నలభైతో మొదలుపెట్టి ముప్పై మూడుకు, ఇరవై ఆరుకు జారింది.

పెద్ద మిషన్ కంపెనీ ఇంజనీరు అజయ్ కుమార్ నుదురు తుడుచుకున్నాడు. వేడికి లేజర్ గురి తప్పిందని, రేపు పొద్దున చల్లపూట మళ్లీ చూద్దామని అన్నాడు. ప్రశాంత్ తలూపాడు. నాలుగింటికి ఇంకా పది నిమిషాలుంది.

"పొద్దున పూట శిల్పులు పని ఇడిచి రారు సార్," అంది రెబెకా. "దినామూ నెత్తురు ఈ యాళకే వస్తాది. ఎండాకాలం ఆ పెద్దదాన్ని యాడ దాచిపెడతాం?"

"పెద్దదే కొంటాండామని అందరికీ చెప్పేసినా గదమ్మా," అన్నాడు ప్రశాంత్.

"చెప్పింది మీరు సార్. సంతకం నాది."

ఆరు అంకెలూ కాగితం మీద వేసి, చిన్నదాని పేరు రాసి సంతకం పెట్టింది. ప్రశాంత్ ఆ అంకెలను రెండుసార్లు చదివాడు. బయట వ్యాను హారన్ కొట్టింది. ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి, బీరువా లాంటిదాన్ని ఎక్కించుకోమన్నాడు.