రోడ్డుకిచ్చిన అర్ర

మా ఇంటి ముందరి అర్రను, గల్లీ వైపు గదిని, కూలగొట్టింది సర్కారు కాదు, మా నాయినే. ఒక ఆదివారం పొద్దున చాయ్ తాగి, చొక్కా విప్పి కొయ్యకు తగిలించి, గడ్డపార పట్టుకున్నాడు. మధ్యాహ్నానికి గోడ పడింది. సాయంత్రానికి పెంకులన్నీ పెరట్లోకి చేరాయి. అమ్మ పాల గిన్నెలు, పెరుగు కుండలు నడింట్లోకి మోసుకుంది. పెంకులు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంది. అది మంచి సూచన కాదని ఇంట్లో అందరికీ తెలుసు, నాయినకు తప్ప.

నాయిన రోడ్లు కొలిచే సర్కారు ఆఫీసులో సర్వేయరు. మొఘల్‌పురాలోని మా గల్లీని వెడల్పు చేయాలని డెబ్బైల మొదట్లో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ గల్లీలో రెండు రిక్షాలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిందే. ఏది పోవాలో తేలేలోపు ఇద్దరి ఖాందాన్ల చరిత్ర బయటికొచ్చేది. గొలుసుతో కొలిచి, ఏ ఇల్లు ఎంతవరకు పోతుందో గోడల మీద ఎర్ర రంగుతో గీయడం నాయిన పని. ఆ గీతను అందరూ నిషాన్ అనేవాళ్లు. సొంత గల్లీ నీకెందుకని ఆఫీసులో తోటివాళ్లు చెప్పారట. "నా గల్లీ నాకు తెల్వదా?" అని, ఆ పని అడిగి మరీ తెచ్చుకున్నాడు. మొదటి నిషాన్ మా ఇంటికే వేశాడు. దాని ప్రకారం ముందరి అర్ర మొత్తం రోడ్డులోకి పోతుంది.

అమ్మ కూర్చునేది ఆ అర్రలోనే. ఆమెది పాడి చేసుకునే కుటుంబం. పెరట్లో బర్రెలు, ముందర అమ్మ. కిటికీలోంచి పాలు పోసేది, గల్లీ సంగతులన్నీ ఆ కిటికీలోంచే లోపలికి తీసుకునేది. నాయిన తెల్లారే పాల క్యాన్లు సైకిలుకు కట్టుకొని లాడ్ బజార్ దాకా పోసి వచ్చి, మమ్మల్ని బడిలో దింపి, అప్పుడు ఆఫీసుకు పోయేవాడు. ఇల్లంటే ఆయనకు అంత ప్రేమ. సర్కారన్నా అంతే. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఎదురింట్లో లక్క గాజులు చేసే ఆయన ఉండేవాడు, గల్లీ అంతటికీ చాచా. ఆయన కార్ఖానా కూడా నిషాన్ లోపలే పడింది. నాయిన ముందే చెప్పిరావడానికి పోయాడు.

"చాచా, జర సామాను వెనక్కి జరుపుకో. ఆఫీసోళ్లు వచ్చి కూలగొడితే అంతా ఖరాబైతది."

చాచా ఛాతీ మీద చేయి పెట్టుకొని తల వంచాడు. "జరూర్ సాబ్. పహలే ఆప్."

పాతబస్తీలో ఆ మాట చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇద్దరు పెద్దమనుషులు గుమ్మం దగ్గర కలిస్తే ముందు మీరంటే ముందు మీరని నిలబడిపోతారు. లోపల చాయ్ చల్లారుతుంది. అది మర్యాద, దాన్ని ఎవరూ సవాలుగా తీసుకోరు. నాయిన తీసుకున్నాడు. గడ్డపార అందుకే.

గోడ పడ్డాక గల్లీ అంతా వచ్చి మెచ్చుకుంది. "గిసుంటి సాబ్‌ను నేనేడ చూడలే" అన్నాడు చాచా.

"మరి నువ్వెప్పుడు?"

"మా పక్కింటాయన బుజుర్గ్ సాబ్. పెద్దమనిషిని దాటి నేనెట్ల పోత?"

ఆ మర్యాద ఇల్లిల్లూ దాటుకుంటూ గల్లీ చివరిదాకా పోయింది. ఇంకో ఇటుక పడలేదు. ఆఫీసోళ్లు రాలేదు, రోడ్డూ రాలేదు. పండుగలకు సున్నాలు వేస్తే నిషాన్లు మాసిపోయేవి. నాయిన మళ్లీ రంగు డబ్బాతో ఇంటింటికీ పోయేవాడు. ఎవరూ కాదనలేదు. చాయ్ పోసి, నిచ్చెన కూడా పట్టుకునేవాళ్లు.

ఒక వానాకాలమంతా గుమ్మంలో తడుస్తూ పాలు పోసిన అమ్మ, వానలు వెనకపట్టాక ఆ ఖాళీ జాగాలో గుంజలు పాతించి పైన రేకు వేయించుకుంది. పీట వేసుకొని కూర్చుంది. ఆఫీసు నుంచి వచ్చిన నాయిన సైకిలు దిగకుండానే అడిగాడు.

"ఏందే గిది? నువ్వు కూసున్నది రోడ్డు. లే."

"రోడ్డు రానియ్యి, లేస్త."

"గల్లీల నా ఇజ్జత్ ఏంగావాలె?"

"నీ ఇజ్జత్ అందరి గోడల మీద ఎర్రగనే ఉన్నది గదయ్యా. జరుగు, పాలకొచ్చిండ్రు."

"భాభీ, మా పాలు గీడికే పంపు," అని ఎదుటి నుంచి చాచా అరిచాడు. "గంత పెద్ద రోడ్డు దాటుడు నాతోని కాదు!"

ఆక్రమణ అని నోటీసు ఇవ్వాలంటే జాగా సర్కారు చేతిలో ఉండాలి. సర్కారు తీసుకోలేదు. మాదే అందామంటే నాయిన ఎప్పుడో ఇచ్చేశాడు. అందుకని నాయిన మండే ఎండలో కూడా ఆ రేకు నీడ తగలకుండా పక్కనుంచి సైకిలు నడిపించుకుంటూ ఇంట్లోకి వచ్చేవాడు.

ఎనభైల మధ్యలో రిటైరై, మెడలో దండతో ఇంటికొచ్చాడు. అమ్మ ఇంకో పీట జరిపింది.

"ఇగ నౌకరి లేదు గదా, కూసో."

"రేపు ఆఫీసోళ్లొస్తే?" అని నాయిన ఎండలోనే నిలబడ్డాడు.

నేను పత్రికలో చేరాక ఆ ఆఫీసుకు పోయి అడిగాను. రోడ్డు పని రద్దు కాలేదన్నారు, మొదలూ కాలేదన్నారు. అమ్మ కూర్చున్న జాగా మాదా, రోడ్డుదా అంటే, గల్లీలో మిగతావాళ్లు కూడా ఇచ్చాక తేలుస్తామన్నారు. ఇంతవరకు తేలలేదు.