మడతలో దాగిన నీలం

ఆ వీధిలో అందరూ ఆమెను రఫూ అక్క అనేవారు. ఇస్త్రీ దుకాణానికీ తాళాలు బాగుచేసే కొట్టుకీ మధ్య, మనిషి రెండు చేతులూ చాపితే గోడలు తగిలేంత గదిలో కూర్చుని ముప్పైయొక్క ఏళ్లుగా చిరిగిన బట్టలకు రఫూ చేస్తోంది. నిప్పురవ్వ పడి చిల్లుపడ్డ కోటు, ఎలుక కొరికిన శాలువా, మేకుకు తగులుకుని చీలిన కొత్త బట్ట, ఏది తెచ్చినా సరే, తిరిగి ఇచ్చేటప్పుడు చిరుగు ఎక్కడుండేదో తెచ్చినవాళ్లే వెతుక్కోవాలి. అందులో కిటుకు ఏమిటని అడిగితే ఆమె దాచేది కాదు. కొత్త దారం వాడకూడదు, ఆ బట్ట లోపలి మడతలోంచే నాలుగు పోగులు లాగి వాటితోనే చిల్లు పూడ్చాలి, అంతే అనేది. అలా కుదరనప్పుడు మాత్రం గోడకున్న అరల వైపు చెయ్యి చాపేది. ఆ అరల్లో ఒక్క ఎరుపులోనే నలభై రకాల దారాలుండేవి.

యాభై నాలుగో ఏట ఆమె కళ్లలో శుక్లాలు మొదలయ్యాయి. అది తెలియక మొదట బల్బును తిట్టింది. బల్బు మార్చాక కిటికీ అద్దాన్ని తిట్టి, రోజుకు రెండుసార్లు తుడిచింది. లోకమంతా టీ నీళ్లలో ముంచి తీసినట్టు కనిపిస్తున్నా, పాతబడింది లోకమే అనుకుంది గానీ తన కళ్లనుకోలేదు. ఒకరోజు సంగీతం మేష్టారి భార్య ఒక కోటు పట్టుకొచ్చింది. ముదురు నీలం కోటు. మోచేతి దగ్గర రఫూ అక్క అంతకుముందు చేసిచ్చిన రఫూ నల్లదారంతో ఉంది. ఆ మహాతల్లి ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. ఎండలో చూస్తే ఈగ వాలినట్టుందని మాత్రం చెప్పి, మళ్లీ చేసిపెట్టమంది. ఆమె వెళ్లాక రఫూ అక్క షట్టరు సగానికి దించి, నీలాల అర ముందు కూర్చుని, ఒక్కో ఉండా కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. ఏది నీలమో ఏది నలుపో తేలలేదు.

ఆమెను కంటి ఆసుపత్రికి లాక్కెళ్లింది వదిన, అంటే పెద్దన్నయ్య భార్య. పోస్టాఫీసు వెనక గదిలో ముప్పైనాలుగేళ్లు ఉత్తరాలు వేరుచేసి రిటైరైన మనిషి. ఏ వస్తువుకైనా ఒక గడి, ఏ పనికైనా ఒక వేళ ఉండాలంటుంది. ఆపరేషన్ గది బయట బెంచీ మీద కూర్చుని ఆవిడ ఎవరినీ అడక్కుండానే మొక్కేసుకుంది. చూపు తిరిగొస్తే ఇద్దరూ కలిసి కొండమీది క్షేత్రానికి కాలినడకన వెళ్లాలని. పందొమ్మిది రోజుల దారి.

కట్టు విప్పినప్పుడు రఫూ అక్కకు ముందుగా కనిపించింది దేవుడూ కాదు, వదినా కాదు, గది మూలనున్న ప్లాస్టిక్ బకెట్టు. అదేం రంగని నర్సును అడిగింది. నీలమే కదమ్మా అంది నర్సు. ఈ నీలం కొత్తగా వచ్చిందా అని అడిగితే, బకెట్టు కొని ఏడేళ్లయిందని చెప్పింది. రఫూ అక్క ఆ బకెట్టును చూస్తూ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. కంట్లో నీళ్లు పెట్టుకోకూడదని నర్సు చీవాట్లు పెట్టింది.

చలి విరిగి చెట్లు చిగురు వేస్తున్న రోజుల్లో యాత్ర మొదలైంది. గుంపులో పద్నాలుగు మంది. గుంపుకు పెద్దగా ఒక బేకరీ యజమాని ఉండేవాడు. ఆ దారిన ఆరుసార్లు నడిచిన అనుభవం ఉన్నవాడు, ఆ సంగతి ఎవరినీ మరిచిపోనివ్వడు. కంచు గొంతున్న లారీ డ్రైవరొకడు, ఒకరి మాట ఒకరు పూర్తిచేసే టీచరు అక్కచెల్లెళ్లిద్దరు, ఇంకా కొందరు. వదిన తన పోస్టాఫీసు కోటు వేసుకుని, రోజుకెన్ని కిలోమీటర్లో రాసుకున్న చిన్న పుస్తకం జేబులో పెట్టుకుని బయల్దేరింది. ఆ కోటు ఒకప్పుడు ముదురు నీలం. ఎండకీ ఉతుకులకీ బూడిదరంగుకు తిరిగిపోయింది.

మొదటి రోజు ఊరి పొలిమేర దాటగానే రఫూ అక్క ఆగిపోయింది. రోడ్డు పక్క కాలువ గట్టంతా పసుపు పూలు. ఎవరూ నాటనివి, ఎవరూ నీళ్లు పోయనివి. అరచేతి మేర నేల కనిపిస్తే చాలు, అక్కడో పువ్వుంది. వంగి చూస్తే ఒకే పువ్వులో మూడు పసుపులు. అంచున ఒకటి, మధ్యలో ఒకటి, గొంతులో నారింజకు తిరిగినది ఒకటి. మూడున్నాయి, వదినా, మూడున్నాయి అని ఆమె చెబుతూనే ఉంది. వదిన పుస్తకం చూసుకుంది.

“అమ్మాయ్, మనం బయల్దేరింది దేవుణ్ణి చూడ్డానికి. గడ్డిని చూడ్డానికి కాదు.”

ఆ మాట విని ఆమె నడిచింది, నూరడుగులు. అక్కడ తెల్లవి కనిపించాయి.

పూల పేర్లు ఆమెకు తెలియవు. తెలియనంత మాత్రాన పేరు లేకుండా వదిలేస్తుందా, తనే పెట్టింది. తల దించుకుని అన్నీ వింటున్నట్టుండే తెల్లపువ్వు చిన్నత్తయ్య. కంచెల మీదుగా తొంగిచూసే గులాబీరంగుది పక్కింటావిడ. ఒళ్లంతా ముళ్లతో, నెత్తిన ఊదా కుచ్చుతో నిటారుగా నిలబడ్డది పెద్దబావగారు. దూరం నుంచే దండం పెట్టాలి, ముట్టుకోకూడదు. ఈ పేర్లు విన్నప్పుడు వదిన మూతి బిగించుకునేది. నాలుగో రోజు మాత్రం దారి మలుపులో ముళ్లమొక్క కనబడగానే, “మీ పెద్దబావగారు ఇక్కడికీ వచ్చారు” అంది, నవ్వకుండా.

చలికి కప్పుకుందామని రఫూ అక్క ఒక తెల్లటి ఉన్ని శాలువా తెచ్చుకుంది. దాని అంచు మీద ఆ పూలను కుట్టాలని రెండో రోజే అనిపించింది. కోసి తెస్తే లాభం లేదు, పావుగంటలో రంగు మారిపోతోంది. పువ్వు మొక్క మీద ఉండగానే దారం పక్కన పెట్టి చూడాలి. సంచిలో ఉన్నవేమో ఆరు ఉండలు, అవీ గుండీలు ఊడితే కుట్టుకోవడానికి. అరలన్నీ ఇంటి దగ్గరే ఉండిపోయాయి. అప్పుడామె చూపు తోటివాళ్ల బట్టల మీద పడింది.

ముందుగా లారీ డ్రైవరును ఆపింది. మఫ్లరు కొసలోంచి ఒక్క పసుపు పోగు ఇస్తారా అన్నయ్యా అని అడిగింది. ఈమె ఏ మంత్రమో వేయబోతోందన్నట్టు ఆయన ఆమెను ఎగాదిగా చూసి, మొహమాటానికి ఇచ్చాడు. మర్నాడు పొద్దున శాలువా అంచున తన మఫ్లరు పువ్వై విచ్చుకుని ఉంది. ఇక ఆయన్ను పట్టలేకపోయారు. దారిలో ఎదురైన ప్రతివాడికీ ఇది నా పువ్వని చూపించాడు. అప్పట్నుంచి గుంపంతా తమ బట్టల అంచులు తిరగేసి చూసుకోవడం మొదలుపెట్టింది. టీచరమ్మలు రుమాళ్లిచ్చారు. ముందు నడిచేవాళ్లు వెనక్కి తిరిగి, రఫూ అక్కా, ఇక్కడొకటుంది, త్వరగా రా అని కేకేసేవారు. ఆమె సంచి ఎగిరెగిరి పడుతుంటే పరుగెత్తేది. ఇలాగైతే వచ్చే ఏడాదికి చేరతామని బేకరీ ఆయన రోజూ సణిగేవాడు. ఎనిమిదో రోజు ఆయనే పక్కకు వచ్చి, ఎవరూ వినకుండా టోపీ తిరగేసి చూపించి, లోపలి పట్టీ ముదురు ఎరుపు, ఎందుకైనా పనికొస్తుందా అని అడిగాడు. పనికొచ్చింది. పక్కింటావిడ మధ్యలో చుక్క అదే.

పన్నెండో రోజు కొండదారి. ఒక మలుపులో పాత రాతిగోడ పగులులోంచి గుంపుగా పూశాయి ఆ నీలాలు. చొక్కా గుండీ కన్నా చిన్నవి. రేకు అంచున బూడిదకు దగ్గరగా పలచగా ఉన్న రంగు, లోపలికి పోయేకొద్దీ ముదురుతూ, గొంతు దగ్గర చూపు మునిగిపోయేంత నీలం. రఫూ అక్క మోకాళ్ల మీద కూలబడింది. మూడేళ్లపాటు తనకు కనిపించకుండా పోయిన రంగది.

అందరి బట్టలూ చూశారు. చొక్కాలు, సంచి పట్టీలు, చివరికి లారీ డ్రైవరు సాక్సులు కూడా. ఏదీ కలవలేదు. పొద్దు వాలుతోందని బేకరీ ఆయన గుంపును ముందుకు నడిపించాడు. ఆ రోజు మజిలీ అక్కడికి నాలుగు కిలోమీటర్లు. గోడ దగ్గర ఇద్దరే మిగిలారు. రఫూ అక్క తలెత్తి వదిన కోటు వైపు చూసింది. పైన ఎంత వెలిసినా, చేతి మడత లోపల ఎండ తగలని చోట ఏ రంగుంటుందో రఫూ చేసేవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. నాలుగు పోగులు చాలు వదినా అంది.

“ఇంకేమైనా అడుగు. ఈ కోటు మీద కత్తెర పెట్టనివ్వను.”

రఫూ అక్క సంచి భుజాన వేసుకుని లేచింది. ఇద్దరూ విడిది దాకా ఒకరి వెనక ఒకరు నడిచారు. దారిలో ఇంకేం పూశాయో ఆమె చూడనేలేదు.

సాయంత్రం విడిది పెరట్లో, బట్టలుతికే రాతి పలక దగ్గర కాళ్లు కడుక్కుంటూ వదినే మొదలుపెట్టింది. ఆ చేతుల మడత కుట్టింది ఎవరో తెలుసా అని అడిగింది. రఫూ అక్కకు తెలియదు, అప్పటికి ఆమె స్కూలు పిల్ల.

“మీ అమ్మ. నేను ఉద్యోగానికి వెళ్లడం ఇంట్లో ఒక్కరికీ ఇష్టం లేదు. మీ అన్నయ్యతో సహా. కోటేమో మగవాళ్ల కొలత, చేతులు వేళ్ల దాకా వేలాడుతున్నాయి. ఇక మానేద్దామనుకున్నా. అత్తయ్య సూదీ దారం తెచ్చింది. నన్ను గుమ్మంలో నిలబెట్టి, చేతులు మడిచి, కుట్టి పంపింది. ముప్పైనాలుగేళ్లలో ఆ కుట్టు ఒక్కటి కూడా ఊడలేదు.”

రఫూ అక్క వదిన చెయ్యి పట్టుకుని మడత తిప్పి చూసింది. అమ్మ కుట్టే. చీమల బారులా సన్నగా, మూడు కుట్లకొకసారి వెనక్కి వేసిన కుట్టు. తనకు పని నేర్పింది ఆ చెయ్యే. అయితే ముట్టుకోవద్దు వదినా, ఆ నీలం లేకపోయినా ఫర్వాలేదు అంది, నిజంగానే.

మర్నాడు తెల్లవారీ తెల్లవారకముందే ఎవరో భుజం కుదిపారు. చూస్తే వదిన, బూట్లు వేసుకుని, కోటు తొడుక్కుని సిద్ధంగా ఉంది. లే, వెళ్దాం అంది. ఎక్కడికంటే వెనక్కి అంది. దారిలో ఒక్కడుగు వెనక్కి వేసినా మొక్కు చెడుతుందని పన్నెండు రోజులుగా చెబుతున్న మనిషి, ముందు తనే నాలుగు కిలోమీటర్లు వెనక్కి నడిచింది. అదీ ఎంత వేగంగా అంటే రఫూ అక్కకు ఆయాసం వచ్చింది. రాత్రంతా ఆలోచించానని, మీ అమ్మే ఉంటే ఈపాటికి తనే విప్పి ఇచ్చేదని దారిలో చెప్పింది.

ఎండ గోడ మీద పడే వేళకు చేరుకున్నారు. వదిన చెయ్యి చాపి నిలబడింది. రఫూ అక్క సూదిమొనతో అమ్మ కుట్లు ఒక్కొక్కటే విప్పింది. మడత తెరుచుకుంది. లోపల, కొన్ననాటి నీలం, ఒక్క ఎండా చూడనిది. అంతే కాదు, మడత విరిగిన చోట బూడిద నుంచి నీలానికి రంగు మెల్లమెల్లగా దిగుతోంది, అచ్చం రేకులో దిగినట్టే. పోగు లాగి పువ్వు పక్కన పెట్టింది. ఏది పోగో, ఏది రేకో తెలియలేదు.

“కలిసింది వదినా, చూడు, కలిసింది” అంటూ ఆమె వదిన మెడ పట్టుకుని వంచేసింది. వదిన చూసింది. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ చూసింది. తర్వాత ఆ గోడ చుట్టూ తిరిగి, వెనకవైపు ఇంకా పెద్ద గుంపు ఉందని అటునుంచి కేకేసింది.

ఆ పువ్వును అక్కడే, గోడ మీద కూర్చుని కుట్టింది. కోటు మడతను మళ్లీ పాత సూదిరంధ్రాల్లోంచే, అమ్మ వేసినట్టే వేసి ఇచ్చింది. పాలవ్యాను ఒకటి ఆగి ఎక్కమంటే వదిన వద్దంది. మొక్కు మొక్కే. ఇద్దరూ ఆ రోజు మొత్తం ఇరవైఐదు కిలోమీటర్లు నడిచి, దీపాలు పెట్టే వేళకు గుంపును అందుకున్నారు. లారీ డ్రైవరు వాళ్లను దూరం నుంచే చూసి ఆ గొంతుతో అరిస్తే విడిదిలోవాళ్లంతా బయటికి వచ్చారు. వదిన పుస్తకం తీసి రాసుకుంది. ఇరవైఐదు. దాని కింద, ఎనిమిది పువ్వు కోసం.

పందొమ్మిదో రోజు కొండెక్కేసరికి శాలువా అంచున పదిహేడు పూలున్నాయి. దర్శనం వరుసలో ముందువాళ్లూ వెనకవాళ్లూ ఆ అంచునే పట్టుకుని చూస్తుంటే, టీచరమ్మలిద్దరూ ఏ పువ్వు ఎవరి బట్టలోదో చెరో సగం వాక్యంతో చెప్పుకుంటూ వచ్చారు. లోపల వదిన కళ్లు మూసుకుని చాలాసేపు దండం పెట్టుకుంది. రఫూ అక్క మాత్రం కళ్లు మూసుకోలేదు. మొక్కిందే వాటికోసం కదా అనుకుని, రెప్ప వేయకుండా చూసింది.

దిగివచ్చాక శాలువా ఎవరి దగ్గర ఉండాలన్న దాని మీద పెద్ద రగడే జరిగింది. అందరి పోగులూ ఉన్నాయి కాబట్టి అందరిదీ అని బేకరీ ఆయన తీర్పు చెప్పాడు. ఇప్పుడది నెలకొక ఇంట్లో ఉంటుంది. పార్సిల్ కట్టి ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎప్పుడు పంపాలో చూసుకునే పని వదినది.

రఫూ అక్క తిరిగి దుకాణంలో కూర్చుంది. సంగీతం మేష్టారి కోటు ఆమె మొదట చేసిన పని. అది తీసుకెళ్లడానికి వచ్చిన మేష్టారు మోచేయి మీద వేలు పెట్టి వెతికి వెతికి, దొరక్క నవ్వుకుంటూ పోయాడు. ఆ తర్వాత ఏడాదంతా పని తీరిక లేకుండా గడిచింది. మళ్లీ చలి విరిగిన ఒక ఉదయం లారీ డ్రైవరు ఫోన్ చేశాడు. ఉత్తరాదికి వెళ్లే దారిలో బండి ఆపి మాట్లాడుతున్నానని, రోడ్డు పక్క గుట్ట మీద ఏదో పూసిందని, ఆ రంగు పేరేంటో తన నోటికి రావడం లేదని చెప్పాడు.

ఆమె చేతిలో కోటు పక్కన పెట్టి లేచి నిలబడింది. “రేకులెన్ని? గొంతులో రంగు వేరుగా ఉందా? కోయకండి అన్నయ్యా, దాన్ని ఉన్నచోటే ఉండనివ్వండి. నేనూ వదినా వస్తున్నాం.”