మా అమ్మ కట్టిన పడవ బండి

మా చిన్నప్పుడు తెనాలిలో మా ఇంటి వసారా నిండా ఒక పడవ ఉండేది... వసారాలో పడవేంటని నవ్వకండి, మా వీధి అప్పటికే సరిపడా నవ్వేసింది.

నాన్న స్కూల్లో డ్రాయింగ్ మాస్టారు. బీరువా చేయించమని అమ్మ ఏళ్ళ తరబడి పోరగా పోరగా చివరికి చెక్క కొనుక్కొచ్చారు. తీరా ఆ చెక్కతో, ఏదో పాత పత్రికలో బొమ్మ చూసి, ఒక్క మనిషి పట్టే తెరచాప పడవ మొదలుపెట్టారు! ఇప్పుడు తెరచాప లేని అలాంటివాటిని కయాక్ అంటున్నారు... ఎనిమిది మూరల పొడవు, చిక్కుడుకాయలా సన్నగా ఉండేది. రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ మా బట్టలు ట్రంకు పెట్టెల్లోనే.

నాన్నకి వీధిలో 'ఓడ మాస్టారు' అని పేరొచ్చింది. అమ్మకి మాత్రం ఏ పేరూ లేదు. అందరికీ ఆవిడ మాస్టారమ్మ... అంతే.

పడవ అయితే తయారైంది గానీ సూర్యలంక సముద్రం దాకా తీసుకెళ్ళేదెలా? ఎడ్లబండి మీదైతే రెండ్రోజులు. ట్రాక్టరు ట్రక్కు బరువు లేకపోతే గతుకుల్లో ఎగిరెగిరి పడుతుంది, పలచటి చెక్క ఆగదు. స్కూటర్ వెనక కట్టుకునే రెండు చక్రాల బండే మేలని నాన్న తేల్చారు. రేపల్లెలో నీళ్ళ పీపా మోసే పాత ఇనుప బండి దొరికింది. రబ్బరు టైర్లు, కింద స్ప్రింగులు... ఎంచి ఎంచి తెచ్చారు. పీపా తీసేసి, వీధి చివర వెల్డింగ్ షాపు మస్తాన్ బాబాయి చేత ముందువైపు పొడుగాటి ఇనుప కడ్డీని ఎడ్లబండి నొగలా అతికించి, స్కూటర్‌కి తగిలించే కొక్కెం పెట్టించారు.

ఒక శనివారం పొద్దున్న ప్రయాణం. వీధంతా అరుగులెక్కి చూస్తోంది. కొక్కెం తగిలించేటప్పుడు నొగని గట్టిగా కిందకి అదిమి పట్టాల్సి వచ్చింది. ఎవరం పట్టించుకోలేదు. స్కూటర్ నాలుగు గజాలు కదిలిందో లేదో పడవ తోక నేలకి కొట్టుకుంది, నొగ పైకి లేచింది, దాంతోపాటు స్కూటర్ వెనక చక్రం గాల్లోకి! నాన్న పక్కకి దొర్లారు. ఆయనకి దెబ్బ తగల్లేదు గానీ పడవ తోక దగ్గర జానెడు చీలిక...

"ఓడ రోడ్డు మీదే మునిగిందండోయ్!" అన్నారెవరో. ఆ నవ్వులు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నాన్న పడవని బండితో సహా ఇంటి ముందుకి తోసుకొచ్చారు. మధ్యాహ్నానికి వడ్రంగిని పిలిపించి, "విప్పేసెయ్, బీరువా చేసేద్దాం" అన్నారు. ఆ మాట అంటూ ఆయన పడవ వైపు చూడలేదు. నాకు ఏడుపొచ్చి వంటింట్లోకి పరిగెత్తాను.

అమ్మ పిండి చేతులు కడుక్కుని బయటికొచ్చింది. పడవ ఇంకా బండి మీదే ఉంది. నొగ కింద ఒక్క వేలు పెట్టి ఎత్తింది. చటుక్కున లేచిపోయింది!

"ఇది వెనక్కి మొగ్గుతోందండీ" అంది. అమ్మ పుట్టిల్లు భట్టిప్రోలు, తాతయ్య ఎడ్లబండి మీద వడ్ల బస్తాలు తోలేవాడు. "మా నాన్న బస్తాలేశాక కాడి కింద చెయ్యి పెట్టి చూసేవాడు. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎడ్లకి పీక బిగుసుకుపోద్ది. మీ స్కూటర్‌కీ అదే అయింది. పీపా అంటే మధ్యలో కుదురుగా కూర్చుంటది, ఇంత పొడుగు పడవ కూర్చుంటదా?"

నాన్న నోరెళ్ళబెట్టారు. నొగ తనూ ఎత్తి చూసి, "మరి బీరువా?" అన్నారు.

"బీరువాలో దాచుకోడానికి నాకేం పట్టుచీరలున్నాయండీ? మీరు రెండేళ్ళు కూర్చుని చెక్కింది పగలగొట్టిస్తే, ఆ బీరువా తలుపు తియ్యబుద్ధేస్తదా నాకు?"

వడ్రంగి తన సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు.

మస్తాన్ బాబాయి చక్రాల ఇరుసు ఊడదీసి మూరెడు వెనక్కి జరిపాడు. అమ్మ నొగ ఎత్తి చూసి, "ఇంకో బెత్తెడు మస్తానూ" అంది. నిండు బిందె ఎత్తినంత బరువు చేతికి తగలాలి... అదీ ఆవిడ కొలత. ఇనుప చట్రం చెక్కని కొరికేస్తోందని మంచానికున్న నవారు విప్పి చట్రానికి అటూ ఇటూ బిగించి అల్లేసింది. పడవ దాని మీద చక్కగా ఒదిగిపోయింది. ఆ వారమంతా అందరం చాపల మీదే పడుకున్నాం. నాన్న చీలికకి జిగురూ గుడ్డా పట్టించారు.

మళ్ళీ శనివారం... నేను స్కూటర్ మీద ముందు నిలబడ్డాను, వెనక సీట్లో అమ్మ. అమ్మ వెనక్కి తిరిగి పడవని చూస్తూనే ఉంది. బండి కుదురుగా వచ్చింది. పొన్నూరులో టీకి ఆగితే రైసు మిల్లు వాళ్ళంతా చుట్టూ మూగారు. మధ్యాహ్నానికి సూర్యలంక చేరాం.

అక్కడ వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన లేచొచ్చాడు. పడవని కాదు, ముందు బండిని చూశాడు. నవారు నొక్కి చూసి, నొగ ఎత్తి చూసి, "ఈ బండి కట్టిందెవరు బాబూ?" అన్నాడు.

"మా ఆవిడండి... కరుణమ్మ" అన్నారు నాన్న.

బయటివాళ్ళ ముందు నాన్న నోట అమ్మ పేరు వినడం నాకదే మొదటిసారి. అమ్మ కొంగు సర్దుకుని సముద్రం వైపు తిరిగింది. నాకైతే గర్వంతో అంతెత్తు పెరిగినట్టనిపించింది. ఆ పూట నాన్న తెరచాప ఎత్తి, అలలు దాటి, ఒడ్డుకి క్షేమంగా తిరిగొచ్చారు.

ఇంటికొచ్చాక నాన్న బండి వెనక ఓ చెక్క బిగించి, పడవకి వెయ్యగా మిగిలిన తెల్ల రంగుతో దాని మీద గుండ్రటి అక్షరాలు రాశారు... 'కరుణమ్మ' అని. పడవకి మాత్రం పేరు పెట్టనేలేదు. నవ్విన వీధి ఆ అక్షరాలు చదువుకుంది. ఆ తర్వాత మా అమ్మని మాస్టారమ్మ అని పిలిచినవాళ్ళు తక్కువ.

ఇప్పుడు సూర్యలంక వెళ్తే కార్ల వెనక రంగురంగుల ప్లాస్టిక్ పడవలు కనిపిస్తాయి. నేను ఊరుకోను, వెళ్ళి ఆ బండి నొగ ఎత్తి చూస్తాను... నిండు బిందె బరువుందా లేదా అని. వాళ్ళు నన్ను వింతగా చూస్తారు. పడవ మీద కంపెనీ పేరుంటుంది, బండి మీదా కంపెనీ పేరే... మనిషి పేరు ఎక్కడా ఉండదు.

మీ ఇంట్లోనూ పని చేసి పేరెక్కని వాళ్ళు ఉండే ఉంటారు. ఏం చేశారో తీరిగ్గా చెబుదురు గానీ... ముందు వాళ్ళ పేరు ఇక్కడ రాయండి.