మీట మీద తలగుడ్డ

మా అమ్మమ్మకి భయం లేని వస్తువు ఈ లోకంలో ఒక్కటే ఉంది, కుట్టుమిషను. మిగతావన్నీ ఆవిడ ప్రాణం తియ్యడానికి పుట్టినవే. బొద్దింకంటే భయం. లిఫ్టంటే భయం. రొప్పుకుంటూ మెట్లెక్కుతుంది గానీ అందులో కాలు పెట్టదు. ఒకసారి బలవంతాన ఎక్కిస్తే లోపలి కడ్డీని పట్టుకుని వదల్లేదు. నేనూ వాచ్‌మనూ కలిసి ఒక్కొక్క వేలూ ఊడదీయాల్సొచ్చింది. ఫోను మోగితే ముందు గుండె పట్టుకుంటుంది, తరవాత ఫోను పట్టుకుంటుంది.

అలాంటి మనిషి మా వార్డుకి కౌన్సిలరు అయిందంటే తప్పు ఆవిడది కాదు. ఎన్నికల్లో నిలబడాల్సిన పంతులమ్మ కూతురి పురుడని ఊరెళ్ళిపోయింది. వార్డులో సగం మంది పాంట్ల పొడుగు తగ్గించింది మా అమ్మమ్మే కాబట్టి, అందరి కొలతలూ తెలిసిన మనిషి అని చెప్పి ఆవిణ్ణి నిలబెట్టారు. పోటీకి ఎవరూ రాలేదు. గెలిచిందని తెలిసిన రోజు వంటగదిలో స్టూలు మీద కూర్చుని ముక్కు చీదుకుంది.

"నన్నెందుకే ఇలా ఇరికించారు?"

"ఏం చెయ్యక్కర్లేదు అమ్మమ్మా. ఊరికే కూర్చుంటే చాలు" అన్నాను.

ఆ మాటని ఆవిడ తు.చ. తప్పకుండా పాటించింది.

మా కౌన్సిలు హాల్లో ఒక పద్ధతుంది. పొడుగాటి వైరున్న మైకు ఒక్కటే ఉంటుంది. ఛైర్మన్ కుడిపక్క నుంచి బయల్దేరి చేతులు మారుతూ బల్లంతా చుట్టి వస్తుంది. మైకు చేతిలో ఉన్నవాళ్ళే మాట్లాడాలి. చెప్పేదేం లేకపోతే పక్కవాళ్ళకి అందించాలి. ఇస్త్రీపెట్టె పొరపాటున కాలిన వైపు పట్టుకుంటే ఎంతసేపు పట్టుకుంటాం? మా అమ్మమ్మ మైకుని అంతసేపే పట్టుకునేది. మిగతా కౌన్సిలర్లు ఆవిడకి "పాసింగ్ మేడం" అని పేరు పెట్టారు. నేను వెనక సందర్శకుల బెంచీ మీద ఆవిడ మంచినీళ్ళ సీసా పట్టుకుని కూర్చునేదాన్ని. తోడు లేకపోతే ఆవిడ రాదు. నాకా, తొమ్మిదిలో బడి మానేశాక గుండీలు కుట్టడం తప్ప వేరే పనేం లేదు.

ఇక అసలు సంగతి. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిసి ఒక ఉమ్మడి సంఘం పెట్టుకున్నాయి. దానికి రెండు విభాగాలు. ఒకటి ఊళ్ళ చెత్తంతా తెచ్చి, వేరు చేసి, మళ్ళీ పనికొచ్చేదాన్ని ఫ్యాక్టరీలకి పంపే షెడ్డు నడుపుతుంది. రెండోది ఉపాధి కేంద్రం. పనిలేని వాళ్ళకి పని చూపిస్తుంది. మా పిన్నికి, అంటే అమ్మమ్మ చిన్నకూతురికి, ఆ కేంద్రమే ఆ షెడ్డులో పని చూపించింది.

పిన్ని పని అట్టపెట్టెల దగ్గర. పెద్ద ఇనప పెట్టెలాంటి ప్రెస్సులో అట్టలు పోసి మీట నొక్కితే, పైనుంచి బరువైన ఇనప పలక దిగి వాటిని అదిమి కట్ట చేస్తుంది. అప్పుడప్పుడు అట్టలు అడ్డం పడతాయి. అప్పుడు ఒక మనిషి లోపలికి వంగి లాగాలి. అలా వంగేముందు తన తలగుడ్డ విప్పి మీటకి కట్టాలి. మీట మీద తలగుడ్డ ఉందంటే లోపల మనిషి ఉన్నట్టు. మేస్త్రీ కూడా దాన్ని ముట్టుకోడు. ఆ పద్ధతి ఎవరు మొదలుపెట్టారో తెలీదు. షెడ్డులో పాతవాళ్ళందరికీ తెలుసు, అంతే. పిన్ని తలగుడ్డ నీలం గళ్ళది. పాత కర్టెను మిగిలితే అమ్మమ్మ అంచు కుట్టి ఇచ్చింది.

ఒకరోజు మధ్యాహ్నం పిన్ని ఇంటికొచ్చేసింది. తల మీద గుడ్డ లేదు. జుట్టు నిండా అట్ట పొట్టు. మోచెయ్యి దోక్కుపోయింది. గుమ్మంలోనే కూలబడింది.

"ఏమైందే?" అని అమ్మమ్మ మిషను ఆపేసింది.

"మంచినీళ్ళియ్యవే" అంది పిన్ని నాతో. గ్లాసెడూ గుక్క తిప్పుకోకుండా తాగింది.

ఆ పొద్దున ఉపాధి కేంద్రం ఒక కొత్తపిల్లని పంపిందట. కొత్తవాళ్ళు రావడం, పని చేతికొచ్చేలోపు ఇంకోచోటికి పోవడం అక్కడ మామూలే. ఆ పిల్లకి ఎవరో ఒక్క ముక్క చెప్పారు: కంటికి కనబడ్డదాన్ని దాని బుట్టలో వెయ్యి. ఆ పిల్ల బుద్ధిగా చేసింది. మీట మీద గుడ్డ కనబడింది. ముడి విప్పింది, దులిపింది, గుడ్డల బుట్టలో వేసింది. తరవాత మీట నొక్కింది.

పిన్ని అప్పుడు నడుం దాకా లోపల ఉంది.

"పైన వెలుతురు తగ్గిందమ్మా" అంది. "ఏదో మబ్బు పట్టిందనుకున్నా. షెడ్డులో మబ్బేంటి అని తల తిప్పితే పలక. అరిచాను. మేస్త్రీ పరిగెత్తుకొచ్చి ఎర్రబటన్ను గుద్దాడు. వీపుకి చల్లగా తగిలి ఆగింది."

అమ్మమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. సూదిలోంచి దారం జారిపోయింది. మళ్ళీ ఎక్కిద్దామని నాలుగుసార్లు చూసినా ఎక్కలేదు. ఆవిడ సూదికి దారం ఎక్కకపోవడం నేనదే మొదటిసారి చూడటం.

"ఆ ముండ..." అంది.

"దాన్నేమీ అనకు. గుడ్డని గుడ్డల బుట్టలో వేసింది. దాని తప్పేముంది? ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది పాపం."

"రేపట్నించి నువ్వెళ్ళకు."

"వెళ్ళకపోతే? ఇచ్చిన పని వద్దన్నానంటారు. ఇంకోటి చూపించరు. ఇంకోటమ్మా, నువ్వు మీటింగులో ఈ మాటెత్తకు. షెడ్డూ వాళ్ళదే, కేంద్రమూ వాళ్ళదే. అక్కడా ఇక్కడా చెడ్డదాన్నయితే ఏ గుమ్మం ఎక్కను? ఎత్తనని చెప్పు."

"నేనెప్పుడైనా ఏ మాటైనా ఎత్తానా?" అంది అమ్మమ్మ. అంతకన్నా నిజం ఆవిడ జన్మలో చెప్పలేదు.

మర్నాడు పిన్ని మామూలుగా పనికెళ్ళింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో గాలి బిగుసుకుపోయింది. వీధిలో లారీ చప్పుడైతే అమ్మమ్మ కత్తెర కింద పెట్టేసేది. సాయంత్రం పిన్ని బస్సు దిగేదాకా కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేది. ఒకాయన పాంటుకి జేబులు మూసేసి కుట్టింది. బేకరీ ఆయన వచ్చి, "మామ్మగారూ, నా రెండు కాళ్ళూ ఒకే పొడుగండీ, కావాలంటే చూసుకోండి" అన్నాడు. నేను పడీపడీ నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఆయన కాళ్ళకేసి చూస్తూ, "ఆ పలక ఎంత బరువుంటుందంటావు?" అంది నాతో.

ఉమ్మడి సంఘం వాళ్ళు కౌన్సిలు ముందుకొచ్చి, అడిగినవాటికి జవాబు చెప్పే మీటింగు వచ్చింది. షెడ్డు డైరెక్టరు పొడుగ్గా, మెరిసే బూట్లతో ఉన్నాడు. ఉపాధి డైరెక్టరు ఎప్పుడూ నవ్వు మొహంతో ఉండే ఆవిడ. గోడ మీద రంగుల బొమ్మలు వేసి చూపించారు. సీసాలు కరిగి కొత్త సీసాలవుతున్నాయి, పనిలేనివాళ్ళు టోపీలు పెట్టుకుని పనిలోకి పోతున్నారు. మైకు బయల్దేరింది. ఒకరు మా వీధికి చెత్తబండి ఎందుకు రావట్లేదన్నారు. అమ్మమ్మ పక్క కుర్చీలోని మందుల షాపాయన తన వంతు రాకముందే లేవబోతే ఛైర్మన్ కూర్చోబెట్టారు. మైకు అమ్మమ్మ చేతికొచ్చింది.

మందుల షాపాయన అలవాటుగా చెయ్యి చాపాడు. అమ్మమ్మ ఇవ్వలేదు.

"మేడం, ఏమైనా అడుగుతారా?" అన్నారు ఛైర్మన్.

ఆవిడ మైకుని నోటికి మరీ దగ్గరగా పెట్టుకుంది. "ఆ మీట..." అంది. గోడలకున్న స్పీకర్లన్నీ ఒక్కసారిగా మీట అన్నాయి. తన గొంతుకి తనే ఉలిక్కిపడింది. ఎవరో కిసుక్కుమన్నారు. నా చేతిలో సీసా మూత దానంతటదే తిరుగుతోంది.

"షెడ్డులో... మీటకి తలగుడ్డ కట్టుంటే లోపల మనిషి ఉన్నట్టండీ. ఆ సంగతి కొత్తవాళ్ళకి ఎవరు చెప్తారండీ?"

షెడ్డు డైరెక్టరు గొంతు సవరించుకున్నాడు. "కొత్తవాళ్ళకి నేర్పడం ఉపాధి విభాగం పనండీ."

నవ్వు మొహం ఆవిడ, "మేం మనిషిని గుమ్మం దాకా తెస్తామండీ. లోపలి యంత్రాల సంగతి షెడ్డు వాళ్ళది" అంది.

"అయితే గుమ్మం చెప్పాలన్నమాట" అని వెనకెవరో అంటే హాలంతా నవ్వింది.

"మంచి ప్రశ్న మేడం. పరిశీలిస్తారు. మైకు అటివ్వండి" అన్నారు ఛైర్మన్.

ఇవ్వలేదు. మందుల షాపాయన మెల్లిగా లాగాడు. రాలేదు. ఏం పట్టుదల అనుకున్నారు అందరూ. నాకు తెలుసు, అది లిఫ్టు కడ్డీ పట్టు. మొహాన నెత్తురుచుక్క లేదు. వదిలితే పడిపోతాననుకునే మనిషి మొహం అది.

షెడ్డు డైరెక్టరు ముందుకి వంగాడు. "అక్కడ ఎవరికైనా ఏదైనా జరిగిందా మేడం? పేరు చెప్పండి, కనుక్కుంటాం."

అమ్మమ్మ వెనక్కి తిరిగి నాకేసి చూసింది. వద్దు వద్దని తల అడ్డంగా ఊపాను. పిన్ని పేరు నోట్లోంచి జారితే ఇక ఇంట్లో వినాల్సిన మాటలు నా చెవుల్లో అప్పుడే మోగుతున్నాయి.

"వేరే ఎవరికో అయితే నేను నోరు తెరిచేదాన్ని కాదండీ" అంది అమ్మమ్మ. "నా సంగతి ఇక్కడ అందరికీ తెలుసు."

ఎవరూ నవ్వలేదు. ఆవిడ కూతురు ఎక్కడ పనిచేస్తుందో ఆ బల్ల చుట్టూ తెలియనివాళ్ళు లేరు. మందుల షాపాయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నాకు మైకు వద్దండీ. ముందు ఆవిడకి జవాబు చెప్పండి" అన్నాడు ఆయన.

మైకు కదలకపోతే మీటింగు కదలదు. ఛైర్మన్ గడియారం చూశారు, నీళ్ళు తాగారు. చివరికి ఆ డైరెక్టర్లిద్దరితో, "మీరిద్దరూ ఒకసారి మాట్లాడుకోండి బాబూ" అన్నారు. నవ్వు మొహం ఆవిడ తన కుర్చీ షెడ్డు డైరెక్టరు పక్కకి లాక్కుంది. గుసగుసలాడుకున్నారు. మీటకి తాళం పెడతారట. లోపలికి వంగే మనిషి జేబులోనే తాళంచెవి ఉంటుందట. తాళం వచ్చేదాకా ప్రెస్సు ఆపేస్తారట. పని నేర్పేదాకా కొత్తవాళ్ళని దాని దగ్గరికి పంపరట. అది మినిట్సులోకి ఎక్కాక, నేను వెళ్ళి అమ్మమ్మ వేళ్ళు ఒక్కొక్కటీ మైకు మీంచి తీశాను. మంచుముక్కల్లా ఉన్నాయి.

ఇంటికొచ్చేసరికి పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది. "చెప్పేశావా?"

"పేరు చెప్పలేదే."

"నీ మొహం చూశాక పేరెందుకమ్మా!" అని విసవిసా లోపలికెళ్ళిపోయింది. మర్నాడు ప్రెస్సు ఆగిపోయి పిన్నికి పని లేదు. రోజంతా మా ఇంట్లో ఇద్దరూ నాతోనే మాట్లాడారు. "మీ అమ్మమ్మని అన్నానికి రమ్మను." "మీ పిన్నిని మోచేతికి మందు రాసుకోమను." ఫోను మోగినప్పుడల్లా ఇద్దరూ గుండెలు పట్టుకున్నారు. కేంద్రం నుంచేనేమో, వద్దంటారేమో అని.

వద్దనలేదు. ప్రెస్సుకి తాళం వచ్చాక పిన్నిని రమ్మన్నారు. కానీ ప్రెస్సు దగ్గరికి కాదు, చివర సీసాలు ఏరే చోటికి. అది శిక్షో దయో ఇప్పటికీ మాకు తెలీదు. శిక్షే అంటుంది పిన్ని. అమ్మమ్మ ఏమీ అనదు గానీ, కిటికీ దగ్గర నిలబడటం మానేసింది. పాంట్ల కాళ్ళు మళ్ళీ సమానంగా వస్తున్నాయి.

మొన్న పిన్ని ఒక ఎర్రగుడ్డ ముక్క తెచ్చి మిషను మీద పడేసింది. "దీనికి అంచు కుట్టి పెట్టు."

"ఎవరికి?"

"ఆ కొత్తపిల్లకే. పని నేర్పి ఇప్పుడు దాన్నే ప్రెస్సు దగ్గర పెట్టారు. తాళంచెవి జేబులో వేసుకున్నా సరే, మీటకి గుడ్డ కూడా కడతానంటోంది. చూసి నేర్చుకుందిలే."

అమ్మమ్మ గుడ్డని కొలిచి, మడిచి, సూది కింద పెట్టింది. చక్రం తిప్పబోతూ ఆగింది.

"ఆ పిల్లకి అమ్మ ఉందా?"

"ఉంది. ఏం?"

"ఏం లేదు" అంది అమ్మమ్మ. "సాయంత్రాలు ఏ కిటికీ దగ్గర నిలబడుతోందో అని."

మిషను కదిలింది. అంచు రెండుసార్లు కుట్టింది, ముడి ఎవరు విప్పినా చిరగకుండా.