ఎవరి ఇరవై అయిదు?

యుద్ధం ఎందుకొచ్చిందో మా సిబిల్లా పిన్నికి తెలియదు. విడమరిచి చెప్పే ఓపిక నాకూ లేదు. పదిహేడేళ్లుగా సాగుతోంది. బాబాయి మహమ్మారిలో పోయాక ఆమెకు మిగిలింది బ్లెస్ ఒక్కటే, నుదుట తెల్లమచ్చ ఉన్న ఆవు. పాలిచ్చేదీ అదే, నాగలి లాగేదీ అదే. అది లేకపోతే చలికాలపు రై ధాన్యం విత్తనం నేలలో పడదు.

మొన్న వేసవిలో చర్చిలో శాంతి ప్రకటించారు. మా ప్రాంతాన్నేలే ప్రభువు స్వీడన్ వాళ్లను వదిలేసి చక్రవర్తితో కలిశాడట.

"అయితే నిరుడు మన కోళ్లు తిన్న చక్రవర్తి సైనికులు ఇప్పుడు చుట్టాలా?" అంది పిన్ని.

"ఆఁ."

"మనతో కలిసి కీర్తనలు పాడిన స్వీడన్ వాళ్లో?"

"శత్రువులు."

"సర్లే. కోళ్లయితే ఎలాగూ లేవు."

అక్టోబరులో చుట్టాలు దిగారు. ఇరవై అయిదో తేదీ దాకా పశువుల జోలికి ఎవరూ రాకూడదని వాళ్ల కల్నల్ అభయపత్రం ఇచ్చాడు. లైప్‌జిగ్‌లో చదువు మధ్యలో మానేసొచ్చినవాణ్ణి, నేనే చదివి వినిపించాను. పిన్ని అడవిలో దాచిన ఆవును ఇంటికి తోలుకొచ్చింది. ఇరవై నాలుగున మళ్లీ దాచేద్దాం అనుకున్నాం.

ఇరవై ఒకటో తేదీ పొద్దున ఇద్దరు సైనికులు దొడ్లోకొచ్చి పలుపు విప్పారు. పిన్ని కాగితం చూపించింది.

"గడువు దాటి ఆరు రోజులైంది ముసలమ్మా. ఇవాళ ముప్పై ఒకటి," అన్నాడు పెద్దవాడు.

అప్పుడు తట్టింది నాకు. వాళ్లది పోపు దిద్దిన కొత్త పంచాంగం, మేం వాడే పాతదానికంటే పది రోజులు ముందుంటుంది. కాగితం మీద అంకె చూశాను గానీ అది ఎవరి అంకో చూడలేదు.

"సరే నాయనా, మీ లెక్కే ఖాయం," అంది పిన్ని. "అయితే రేపు మీకు సకల పునీతుల పండగ. ఇవాళ ఉపవాసం. మాంసం ఎట్లా ముడతారు?"

చిన్నవాడు పలుపు వదిలేశాడు. పెద్దవాడు నవ్వి దాన్ని అందుకున్నాడు. "గడుసుదానివే! ఇవాళ కొయ్యంలే. నడిపించుకుపోయి రేపు కోస్తాం."

పిన్ని ఏడవలేదు. "పొదుగు నిండి ఉంది. పిండనియ్," అంది. పిండేదాకా ఆగారు. తర్వాత తోలుకుపోయారు.

"నాదే తప్పు పిన్నీ."

"అక్షరం తప్పు చదవలేదులేరా," అంది, పాల చెంబు నా చేతికిస్తూ.

పది రోజులకు మాకూ ముప్పై ఒకటి వచ్చింది. ఆ పూట నాగలి తాడు నా భుజానికి కట్టుకుని లాగాను. మేడి పిన్ని పట్టుకుంది. చాలు మలుపులో, అలవాటుగా, "ఎడమకి, బ్లెస్," అంది.

ఎడమకి తిరిగాను.